మూసీ వరదలో మహబూబ్ పాషా

మీలో చాలామంది హైదరాబాద్ నుంచి మొయినాబాద్ మీదుగా చేవెళ్ళకు ప్రయాణం చేసి ఉంటారు. దారికి రెండు పక్కలా మర్రిచెట్లు, వాటి వెనుక కూరగాయల తోటలు, పూల తోటలు కనిపిస్తాయి. పశ్చిమానికి ముఖం పెట్టి వెళ్తుంటే కుడివైపున చిలుకూరుకు అవతల గండిపేట చెరువు, ఎడమవైపున హిమాయత్ సాగర్ ఉంటాయి. సెలవు రోజున పిల్లలను తీసుకువెళ్ళి ఆ కట్టల మీద కూర్చుని నీళ్ళను చూసి వచ్చిన కుటుంబాలు మన విచారణల్లో ఎన్నో ఉన్నాయి. చాలాకాలం వరకు నగరమంతా ఆ నీళ్ళే తాగింది. అందుకే ఆ రెండు చెరువులనూ తాగునీటి కోసమే కట్టారని మనలో ఎక్కువమంది అనుకుంటారు.

నిజానికి అవి పుట్టింది దాహం నుంచి కాదు, వేలమంది చావు నుంచి. 1908లో మూసీ నది ఒక్క రోజులో హైదరాబాద్ నగరాన్ని తుడిచిపెట్టింది. అలాంటి రోజు మళ్ళీ రాకూడదనే ఆ కట్టలు లేచాయి. ఆ కథ నడుమ నిలిచిన మనిషి ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. జనం నోట ఆయన మహబూబ్ అలీ పాషా. ఆయన మహాత్ముడని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. లోపాలు ఎన్నో ఉన్న మనిషే. అయినా ఆపద వచ్చిన రోజున పాలకుడు చేయవలసినది ఏమిటో, ఆపద గడిచిన తరువాత చేయవలసినది ఏమిటో ఆయన జీవితంలోని చివరి మూడేళ్ళు మనకు చెబుతాయి.

పసివాడి తలపై కిరీటం

మహబూబ్ అలీ ఖాన్ 1866 ఆగస్టులో హైదరాబాద్‌లో పుట్టారు. తండ్రి ఐదవ నిజాం అఫ్జలుద్దౌలా 1869 ఫిబ్రవరిలో కన్నుమూశారు. అప్పటికి ఈ బిడ్డకు మూడేళ్ళు కూడా నిండలేదు. ఇంకా మాటలు సరిగా రాని ఆ పసివాడు ఫ్రాన్సు, ఇంగ్లండు దేశాల నుంచి వచ్చినవారు సైతం ఆశ్చర్యంగా చెప్పుకునే ఒక పెద్ద రాజ్యానికి ప్రభువయ్యాడు. ఆయన పేరున రాజ్యాన్ని నడిపినవారు దివాన్ మొదటి సాలార్ జంగ్, ఆయనతో పాటు అమీరె కబీర్. సాలార్ జంగ్ సమర్థుడైన పాలకుడు. జిల్లాల పాలన, పన్నుల వసూలు, న్యాయస్థానాలు ఆయన చేతుల్లో ఒక దారికి వచ్చాయి. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. బాల నిజాముకు ఉర్దూ, పారశీకాలతో పాటు ఇంగ్లీషు చదువు కూడా చెప్పించారు.

1883 ఫిబ్రవరిలో సాలార్ జంగ్ కలరా సోకి హఠాత్తుగా చనిపోయారు. మరుసటి ఏడాది, 1884 ఫిబ్రవరి 5న, పదిహేడేళ్ళు దాటిన మహబూబ్ అలీ ఖాన్‌కు పూర్తి అధికారాలు అప్పగించారు. ఆ వేడుకకు స్వయంగా హైదరాబాద్ వచ్చినవాడు వైస్రాయ్ లార్డ్ రిపన్. మన పాఠకులకు ఒక విషయం ఆసక్తి కలిగించవచ్చు. ఆ రిపన్ ప్రభువు 1874లో కతోలిక విశ్వాసాన్ని స్వీకరించినవాడు. ఇంగ్లండులో అందుకు ఎన్నో నిందలు మోసినవాడు. మన హైదరాబాద్ మేత్రాసనం ఏర్పడింది కూడా ఈ నిజాం కాలంలోనే, 1886లో.

జనం మెచ్చిన పాషా, జనం ఎరిగిన లోపాలు

మహబూబ్ పాషా గురించి పాతనగరంలో ఇప్పటికీ ఎన్నో కథలు చెప్పుకుంటారు. మారువేషంలో రాత్రిళ్ళు వీధుల్లో తిరిగి పేదల కష్టాలు తెలుసుకునేవారని ఒక కథ. పాము కరిచినవారిని బాగుచేసే శక్తి ఆయనకు ఉండేదని, అలాంటివారు ఎంత రాత్రివేళ వచ్చినా తనను నిద్రలేపమని ఆజ్ఞ ఇచ్చారని మరో కథ. వీటిలో ఎంత నిజమో తేల్చడం ఇప్పుడు కష్టం. కాని ఒక రాజు గురించి జనం ఎలాంటి కథలు అల్లుకున్నారో చూస్తే వారికి ఆయన మీద ఎలాంటి నమ్మకం ఉండేదో తెలుస్తుంది. అర్ధరాత్రి తలుపు తడితే లేస్తాడని జనం నమ్మిన రాజు ఆయన. పాలమూరు పట్టణానికి మహబూబ్‌నగర్ అనే పేరు వచ్చింది ఆయన మీదుగానే.

లోపాలను కూడా దాచనవసరం లేదు. ఆయన విలాసాలకు అంతు ఉండేది కాదు. పురానీ హవేలీలో ఆయన దుస్తుల కోసం కట్టించిన బీరువా పొడవు 176 అడుగులు. ఒకసారి వేసుకున్న బట్ట మళ్ళీ వేసుకునేవారు కారని అంటారు. వేటలో ముప్పైకి పైగా పులులను చంపి తీస్ మార్ ఖాన్ అనిపించుకున్నారు. 1891లో జేకబ్ అనే వ్యాపారి నుంచి ఒక పెద్ద వజ్రం కొనబోయి వివాదంలో చిక్కుకున్నారు. బేరం లక్షల్లో ఉంది. వ్యవహారం కలకత్తా హైకోర్టుకు ఎక్కింది. ఒక నిజాం సాక్ష్యం చెప్పవలసి రావడం ఆ రోజుల్లో పెద్ద అవమానం. చివరికి వజ్రం చేతికి వచ్చినా ఆయనకు దాని మీద మనసు విరిగింది. తండ్రి మరణం తరువాత కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్‌కు అది ఒక పాత చెప్పు ముందుభాగంలో దొరికిందని చెబుతారు. ఈనాడు ఆ వజ్రం భారత ప్రభుత్వ సొత్తు.

ఇదీ మన కథలోని మనిషి. ధనం విలువ తెలియనివాడు, దానం చేయడం తెలిసినవాడు. ఆయనకు నలభై రెండేళ్ళు నిండిన ఏడాది మూసీ పొంగింది.

ఆ సోమవారం

మూసీ నది వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్టల్లో పుడుతుంది. చేవెళ్ళ, శంకర్‌పల్లి, మొయినాబాద్ ప్రాంతాల మీద కురిసిన వాన వాగులుగా మారి మూసీలోకి, దాని తోబుట్టువు ఈసీ నదిలోకి చేరుతుంది. ఈ రెండూ నగరం పడమటి అంచున, ఇప్పటి బాపూఘాట్ దగ్గర, కలుస్తాయి. ఈ ప్రాంతమంతా చెరువుల దేశం. నగరానికి ఎగువన 862 చదరపు మైళ్ళ పరివాహక ప్రాంతంలో 788 చెరువులు ఉండేవి. అంటే దాదాపు చదరపు మైలుకు ఒకటి. ఒక చెరువు నిండి మత్తడి పారితే ఆ నీరు కింది చెరువుకు, అది నిండితే దాని కిందిదానికి చేరే గొలుసుకట్టు. మామూలు వానల్లో ఈ గొలుసు ఊళ్ళను బతికించింది. మితిమీరిన వానలో ఇదే గొలుసు ప్రాణాంతకమైంది.

1908 సెప్టెంబరు చివరి వారం. ఎడతెరిపి లేని వాన. శంషాబాద్ వర్షమాపక కేంద్రంలో ఒక్క రోజులో 12.8 అంగుళాలు, రెండు రోజుల్లో 18.9 అంగుళాలు నమోదయింది. ఎగువ చెరువు కట్ట తెగితే ఆ నీటి దెబ్బకు దిగువది తెగింది. అలా మొత్తం 221 చెరువులకు గండ్లు పడ్డాయి. వాటిలో 182 ఈసీ నది వైపువి, 39 మూసీ వైపువి. వాన నీటికి చెరువుల నీరు తోడై సెప్టెంబరు 28, సోమవారం తెల్లవారుజామున నగరం మీద పడింది. ఆ వరద ఉద్ధృతి సెకనుకు 4,25,000 ఘనపుటడుగులని తరువాత లెక్కగట్టారు.

నది ఒడ్డునే మట్టిగోడల ఇళ్ళు కిక్కిరిసి ఉండేవి. నిద్రలో ఉన్నవారు నిద్రలోనే పోయారు. మేడలు ఎక్కినవారు మేడలతో పాటు కూలిపోయారు. అఫ్జల్ గంజ్ వీధుల్లో నీరు 11 అడుగుల ఎత్తుకు లేచింది. అక్కడి ఆసుపత్రి ధ్వంసమైంది. వంతెనలు తెగిపోయి నగరం రెండు ముక్కలైంది. గోల్కొండ సుల్తానుల నాటి పురానాపూల్ మాత్రం గాయాలతో నిలబడింది. ఆసుపత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు మీద నూట యాభై మంది దాకా ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో వందేళ్ళ తరువాత కూడా నిలిచే ఉంది. ఏటా సెప్టెంబరు 28న కొందరు నగర పౌరులు దాని కింద చేరి చనిపోయినవారిని తలచుకుంటూ వచ్చారు.

చనిపోయినవారు సుమారు 15,000 మంది అని సాధారణంగా చెబుతారు. ఇల్లు కోల్పోయినవారు దాదాపు 80,000 మంది. ఒక్క కుటుంబం సంగతి చూడండి. తరువాతి కాలంలో ఉర్దూ రుబాయీలకు పేరుపొందిన కవి అమ్జద్ హైదరాబాదీ అప్పుడు యువకుడు. ఆ వరదలో ఆయన తల్లి, భార్య, పసికూతురు ముగ్గురూ ఆయన కళ్ళెదుటే కొట్టుకుపోయారు. ఇంట్లో ఆయన ఒక్కరే మిగిలారు. పదిహేను వేలు అనే అంకెను మనం తేలికగా చదివేస్తాం. దాని వెనుక ఇలాంటి ఇళ్ళు ఎన్ని ఉన్నాయో ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి.

తెరుచుకున్న తలుపులు

ఆ రోజున మహబూబ్ పాషా ఏం చేశారు? తన మహళ్ళ తలుపులు తెరిపించారు. ఇల్లు లేనివారు మతం, కులం అనే ప్రశ్న లేకుండా రాజుగారి కప్పు కింద తలదాచుకున్నారు. అంతవరకు ఆ గుమ్మాల ముందు తలవంచి నడిచిన జనం ఆ రోజు తడిబట్టలతో, పిల్లలతో లోపలికి వచ్చారు. నగరంలో వంటశాలలు తెరిచి అన్నం వండి పెట్టించారు. ఖజానా నుంచి సహాయానికి డబ్బు విడుదలయింది. ప్రధానమంత్రి మహారాజా కిషన్ పర్షాద్ ప్రభుత్వం శవాల ఖననం, దహనం, శిథిలాల తొలగింపు, నిరాశ్రయుల పోషణ చేపట్టింది.

జనం కూడా చేతులు కట్టుకుని కూర్చోలేదు. నీరు ఎక్కని పేటలవారు ముంపు పేటలవారిని ఇళ్ళలో పెట్టుకున్నారు. అప్పటికి ఇరవై తొమ్మిదేళ్ళ సరోజినీ నాయుడు బాధితుల సేవలో ముందు నిలిచింది. ఆ సేవకు ప్రభుత్వం కైసర్-ఎ-హింద్ పతకం ఇచ్చింది. జలియన్‌వాలా బాగ్ దారుణం తరువాత ఆమె ఆ పతకాన్ని తిరిగి ఇచ్చివేసింది.

ఇంకొక ఘట్టాన్ని పాతనగరంవారు తప్పక చెబుతారు. మూసీ తల్లి ఆగ్రహించిందని, ప్రభువు స్వయంగా శాంతి చేయాలని హిందూ పెద్దలు కోరారట. ముస్లిం ప్రభువైన మహబూబ్ పాషా పురోహితులు చెప్పిన విధంగా నది ఒడ్డుకు వచ్చి, చీర, గాజులు, పసుపు కుంకుమలు నీటికి సమర్పించారట. ఇది జరిగిన తీరు గురించి రకరకాలుగా చెబుతారు. వాన ఆగింది గనుక నీరు ఎలాగూ తీసేదే. మనం గమనించవలసింది అది కాదు. దుఃఖంలో ఉన్న ప్రజలు తమ భాషలో, తమ విశ్వాసంలో అడిగినదాన్ని ఆయన చిన్నచూపు చూడలేదని వారు నమ్మారు. ఏడ్చేవారి పక్కన నిలబడి ఏడవడం ఎలాగో ఆయనకు తెలుసునని నమ్మారు. ఓదార్పుకు అదే మొదటి మెట్టు.

అన్నం పెట్టిన తరువాతి ప్రశ్న

ప్రియ పాఠకులారా, చాలా వరద కథలు ఇక్కడితో ముగుస్తాయి. పాలకుడు వచ్చాడు, చూశాడు, కన్నీరు పెట్టాడు, అన్నం పెట్టాడు, డబ్బు ఇచ్చాడు. పత్రికలు మెచ్చుకున్నాయి. బురద ఎండింది. జనం మళ్ళీ అదే ఒడ్డున, అదే మట్టితో గోడలు లేపుకున్నారు. మళ్ళీ వరద వచ్చేదాకా ఎవరికీ పట్టదు.

హైదరాబాద్‌లో 1908 తరువాత అలా జరగలేదు. అందుకే ఈ కథ చెప్పుకోవాలి. వరద దైవ నిర్ణయమని సరిపెట్టుకోకుండా, ఇది ఎందుకు జరిగింది, మళ్ళీ జరగకుండా ఏం చేయాలి అనే ప్రశ్నను నిజాం ప్రభుత్వం వేసుకుంది. జవాబు కోసం సరైన మనిషిని వెతికింది. ఆయనే మోక్షగుండం విశ్వేశ్వరయ్య. బొంబాయి రాష్ట్రంలో ఇంజనీరుగా పేరు గడించి, నలభై ఏడేళ్ళకే ఉద్యోగం వదులుకుని అప్పుడు ఐరోపా పర్యటనలో ఉన్నారు. హైదరాబాద్ నుంచి పిలుపు అక్కడికే వెళ్ళింది. పర్యటన ముగించుకుని ఆయన 1909 ఏప్రిల్ 15న నగరానికి చేరారు.

విశ్వేశ్వరయ్య చేసిన మొదటి పని లెక్కలు తీయడం. ఏ కేంద్రంలో ఎంత వాన పడింది, ఏ చెరువు ఏ నదివైపుది, ఎన్ని తెగాయి, నీరు నగరంలో ఎంత ఎత్తుకు వచ్చింది అన్నీ సేకరించారు. మనం పైన చెప్పుకున్న అంకెలు ఆ పరిశీలన ఫలితమే. 1909 అక్టోబరు 1న నివేదిక సమర్పించారు. దాని సారాంశం సామాన్యుడికి కూడా అర్థమవుతుంది. నగరంలో గోడలు ఎంత ఎత్తు కట్టినా అంత నీటిని ఆపలేవు. నీటిని నగరానికి రాకముందే, ఎగువన, పట్టి ఉంచాలి. మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి పెద్ద జలాశయాలు కట్టాలి. వరద వచ్చినప్పుడు వాటిలో నిలిపి, నది మోయగలిగినంతే కిందికి వదలాలి. నగరంలో నది ఒడ్డులను ఎత్తు చేసి, అక్కడ ఇరుకిళ్ళ బదులు బాటలు, తోటలు వేయాలి. మురుగునీటికి వేరే కాలువలు తవ్వాలి.

మహబూబ్ పాషా ఈ పనులు చూడలేదు. 1911 ఆగస్టు 29న ఫలక్‌నుమా మహల్‌లో నలభై అయిదేళ్ళ వయసులోనే కన్నుమూశారు. మక్కా మసీదు ఆవరణలో ఆయన సమాధి ఉంది. తండ్రి కాలంలో అందిన నివేదికను కొడుకు ఏడవ నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ పక్కన పెట్టలేదు. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పాటయింది. గండిపేట దగ్గర మూసీ మీది జలాశయం 1920లో పూర్తయి ఉస్మాన్ సాగర్ అయింది. ఈసీ మీదిది 1927లో పూర్తయింది. దానికి ఆయన పెద్దకొడుకు హిమాయత్ అలీ ఖాన్ పేరు పెట్టారు. వరద నేల మీద హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి లేచాయి. మహబూబ్ పాషా పేరు ఆ రెండు కట్టల మీదా లేదు. అయినా ఆ కట్టల మొదటి రాయి ఆయన కాలంలో వేసుకున్న ఆ ప్రశ్నే.

కరుణ ఒక వారం బతికిస్తుంది. బాధ్యత వందేళ్ళు కాపాడుతుంది. రెండింటిలో ఏది గొప్పదని అడగకండి. ఆకలితో ఉన్నవాడికి నివేదిక చూపించడం క్రూరత్వం. అన్నం పెట్టి ఊరుకుని, మళ్ళీ అదే నీటికి అతణ్ణి వదిలేయడం కూడా క్రూరత్వమే. మొదటిది చేసినవారిని మనం త్వరగా మెచ్చుకుంటాం. రెండోది చేసినవారి పేరు కూడా మనకు గుర్తుండదు.

ఎగువ ఊళ్ళ రుణం

ఇక చేవెళ్ళ, మొయినాబాద్‌ల మాట. నగరాన్ని కాపాడే కట్టలు నగరంలో లేవు. ఆ నీరు నిలిచిన నేల ఒకప్పుడు పొలాలు, ఊళ్ళు. దిగువన ఉన్నవారు నిర్భయంగా నిద్రపోవడానికి ఎగువన ఉన్నవారు భూములు వదులుకున్నారు. అంతటితో ఆ భారం తీరలేదు. 1996 మార్చిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 111వ నంబరు జీవో ఇచ్చింది. రెండు జలాశయాల చుట్టూ చేవెళ్ళ, మొయినాబాద్, శంకర్‌పల్లి, షాబాద్, శంషాబాద్, రాజేంద్రనగర్, కొత్తూరు మండలాలలోని 84 గ్రామాల్లో కాలుష్య కర్మాగారాలు, పెద్ద హోటళ్ళు, నివాస కాలనీలు కట్టరాదన్నది దాని సారం. హిమాయత్ సాగర్ దగ్గర ఒక నూనె కర్మాగారం విషయంలో 1999లో సుప్రీంకోర్టు కూడా తాగునీటికి ముప్పు రావచ్చనుకున్నప్పుడు ముందుజాగ్రత్తే న్యాయమని తీర్పు చెప్పింది.

ఈ జీవో వల్ల నగరం బాగుపడింది. కాని ఆ 84 ఊళ్ళ రైతు మాట కూడా వినాలి. పక్క మండలంలో ఎకరం కోట్లు పలుకుతుంటే తన భూమికి ధర లేదు. కూతురి పెళ్ళికో, కొడుకు చదువుకో అమ్ముదామంటే కొనేవాడు వెనకాడతాడు. తనకు ఇల్లు కట్టుకోవడానికి నిబంధనలు చెప్పినవారే, డబ్బున్నవారి ఫామ్‌హౌసులు, కళాశాలలు, ఫంక్షన్ హాళ్ళు లేస్తుంటే చూసీచూడనట్లు ఉన్నారు. ఆ రైతు కోపంలో న్యాయం లేదని ఎవరు అనగలరు? 2022 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం జీవో 69 ద్వారా, జలాశయాలకు హాని కలగరాదనే షరతులతో, ఆ ఆంక్షలను ఎత్తివేసింది. అప్పుడు ఊళ్ళలో సంబరాలు జరిగాయి. నగరంలో నీటి గురించి తెలిసినవారు కలవరపడ్డారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది.

ఒక్క విషయం మాత్రం ఇద్దరూ మరువరాదు. మట్టి నేల వానను కొంత తాగుతుంది, కొంత ఆపుతుంది. సిమెంటు నేల పడ్డ నీటిని పడ్డట్టే కిందికి తోస్తుంది. వాగును పూడ్చి ప్లాట్లు చేస్తే కాగితం మీద వాగు మాయమవుతుంది గాని వాన రోజున అది తన దారిని వెతుక్కుంటూ తిరిగి వస్తుంది. 1908లో తెగిన 221 చెరువుల పాఠం ఇదే. 2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాద్‌లో కుంభవృష్టి కురిసినప్పుడు పాతబస్తీలో పల్లె చెరువు కట్ట తెగి నీరు కాలనీల మీద పడింది. రాష్ట్రంలో పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. 2025 సెప్టెంబరు చివర్లో రెండు జలాశయాల గేట్లు ఎత్తగా మూసీ నీరు మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌లోకి వచ్చి ప్రయాణికులను రాత్రివేళ బయటకు తరలించవలసి వచ్చింది. ఆ బస్ స్టేషన్ కట్టింది నది మధ్యలోనే అన్న సంగతి ఆ రోజున అందరికీ గుర్తుకువచ్చింది. గేట్లు లేని 1908ని ఒకసారి ఊహించుకోండి.

మనం చేయగలిగినది

ఇది ప్రభుత్వాల పని, మనకేం సంబంధం అని మీరు అనవచ్చు. వరద వచ్చినప్పుడు మన విచారణలు వెనుకబడవు. బియ్యం, దుప్పట్లు, పాత బట్టలు పోగవుతాయి. యువకులు బురద ఎత్తుతారు, మఠకన్యలు మందులు పంచుతారు. బడి గదులు శిబిరాలవుతాయి. మహబూబ్ పాషా తలుపులు తెరిచినట్లే మనమూ తెరుస్తాం. ఇది మంచిదే. కాని వాన లేని రోజుల్లో మనం ఏం చేస్తున్నాం?

ఇల్లు కొనేటప్పుడు ఆ స్థలం చెరువు శిఖమా, నాలా గట్టా అని అడుగుతున్నామా, లేక ధర తక్కువని సంతోషిస్తున్నామా? మన ఊరి చెరువు మత్తడి ఎటు పారుతుందో మన పిల్లలకు తెలుసా? ఓట్లు అడగడానికి వచ్చినవారిని వరద సాయం ఎంత ఇస్తారని అడుగుతామే గాని, పోయిన వరద తరువాత ఏం సరిచేశారని అడుగుతున్నామా? ఎగువ ఊళ్ళ రైతు తన నేలను నేలగానే ఉంచాలని కోరే నగరం, అందుకు అతనికి తగిన ప్రతిఫలం ఇవ్వాలని ఎన్నడైనా గట్టిగా అడిగిందా? ఒకరి త్యాగం మీద మరొకరు హాయిగా నిద్రపోతూ, ఆ త్యాగానికి వెల కట్టకపోతే అది న్యాయం అనిపించుకోదు.

మహబూబ్ పాషా రాజుగా పుట్టారు. ఆయనను ఎవరూ ఎన్నుకోలేదు. ఆయనను నిలదీసే హక్కు ఆనాటి జనానికి లేదు. అయినా ఆ పాలనలో ఒక వరద తరువాత ఒక ప్రశ్న పుట్టింది, ఆ ప్రశ్నకు జవాబు కూడా లేచింది. మన పాలకులను మనమే ఎన్నుకుంటాం. నిలదీసే హక్కు మనకు ఉంది. మరి మన వరదల తరువాత ఎన్ని ప్రశ్నలు వేశాం?

ఈసారి చేవెళ్ళ దారిన వెళ్ళినప్పుడు, వీలయితే మొయినాబాద్‌లో ఒక అయిదు నిమిషాలు దిగండి. అటు ఉస్మాన్ సాగర్, ఇటు హిమాయత్ సాగర్, నడుమ ఆ ఊళ్ళు. పక్కన మీ పిల్లలు ఉంటే వారికి ఈ కథ చెప్పండి. 1908లో పోయిన పదిహేను వేలమంది గురించి, చింతచెట్టు మీద తెల్లవార్లూ వేలాడినవారి గురించి, తలుపులు తెరిచిన ఒక రాజు గురించి, లెక్కలు తీసిన ఒక ఇంజనీరు గురించి, భూములు వదులుకున్న పేరులేని రైతుల గురించి చెప్పండి. ఆ నీళ్ళు ఇకపై వారికి వేరుగా కనిపిస్తాయి.